హ్యాండీక్యామ్ కొనే ముందు: షోరూము సొంత పేరుదా, పేరున్న కంపెనీదా ఎలా తేల్చుకోవాలి

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ క్యామ్‌కార్డర్ అని అడిగేవారు అరుదు. అందరి నోటా హ్యాండీక్యామే. నిజానికి అది సోనీ కంపెనీ 1985లో తన చిన్న వీడియో కెమెరాకు పెట్టుకున్న పేరు. వనస్పతి ఏదైనా డాల్డా అయినట్టు, అరచేతిలో ఇమిడే వీడియో కెమెరా ఏదైనా హ్యాండీక్యామ్ అయిపోయింది. దీనితో కొనేవారికి ఒక చిక్కుంది. గాంధీ రోడ్డులో ఏ దుకాణం మెట్లెక్కి "హ్యాండీక్యామ్ చూపించండి" అన్నా, వాళ్లు ఏ పెట్టె తీసి ముందు పెట్టినా తప్పు పట్టలేం. ఒక పెట్టె మీద ఆ షోరూము సొంత పేరో, మనం ఎన్నడూ వినని పేరో ఉంటుంది. ధర ఏడెనిమిది వేలు. దాని పక్కన సోనీ, పానాసోనిక్, కెనాన్‌లలో ఏదో ఒకటి. ధర మూడింతలో నాలుగింతలో. చూడటానికి రెండూ ఒకే పోత. రెండింటికీ తెర పక్కకు తెరుచుకుంటుంది, చెయ్యి దూర్చుకునే పట్టీ ఉంటుంది. పైగా అంకెలు పెద్దవిగా కనిపించేది చౌక పెట్టె మీదే.

ఆ అంకెలను నమ్మి నేనూ ఒకటి కొన్నాను. చిత్తూరు వైపు మా ఊళ్లో ఎండాకాలంలో మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి నాటకం, మొత్తం పద్దెనిమిది రోజులు. వాటిలో అర్జున తపస్సు రోజు చూసి తీరాలి. అర్జున వేషధారి పద్యాలు పాడుకుంటూ తాటిచెట్టంత మాను ఎక్కి, పైనుంచి నిమ్మకాయలు, పూలు విసురుతాడు. పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు కింద కొంగు పట్టి నిలబడతారు. మంచం పట్టిన మా పెదనాన్న ఆ ఏడు వెళ్లలేకపోయారు. ఆయన కోసం కొత్త కెమెరాతో, పెట్టె మీద రాసిన పదహారు రెట్ల జూమ్ మొత్తం వాడి మరీ తీశాను. ఇంటికొచ్చి టీవీకి తగిలిస్తే, మాను చివర నీలం, పసుపు రంగు గళ్లు నాలుగు కదులుతున్నాయి. పెదనాన్న కాసేపు కళ్లు చికిలించి చూసి, "మానెక్కింది మనిషేనా?" అన్నారు. ఆ కెమెరా అటక ఎక్కింది. ఆ తరువాత నాకొకటి, చుట్టాలకు రెండు మూడు, అన్నీ పరీక్షించే కొన్నాం. ఆ పరీక్షల క్రమమే ఇక్కడ రాస్తున్నాను.

ముందు దూరం కొలవండి

ఎంత డబ్బు పెట్టగలరన్నది రెండో ప్రశ్న. మొదటిది, మీరు తీయబోయేది మీకు ఎన్ని అడుగుల దూరంలో ఉంటుంది? ఒక కాగితం తీసుకుని, రాబోయే ఏడాదిలో మీరు నిజంగా తీయబోయేవి నాలుగైదు రాయండి. ప్రతిదాని పక్కన దూరం వేయండి.

పాప అన్నప్రాశన ఇంట్లో జరుగుతుంది, ఆరేడు అడుగులు. ట్యూషన్ పాఠాలు యూట్యూబ్‌లో పెట్టాలంటే బల్ల మీద కదలకుండా నిలబెట్టిన కెమెరా, ఎనిమిది అడుగులు. స్కూలు వార్షికోత్సవంలో తల్లిదండ్రులను కూర్చోబెట్టే వరుస నుంచి వేదిక దాకా యాభై అరవై అడుగులు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషాలు మీ ముందు నుంచే వెళతాయి, కానీ జనం తోసుకునే తోపులాటలో మీరు నిలిచే చోటు మీ చేతిలో ఉండదు. పశువులను జనం మధ్య నుంచి పరుగెత్తించే రంగంపేట పశువుల పండుగ తీయాలనుకుంటే మిద్దె మీది నుంచి తీయడమే క్షేమం. అక్కడి నుంచి కొమ్ములకు కట్టిన పలక కనిపించాలంటే మామూలు కెమెరా చాలదు.

పది అడుగుల లోపలివే ఎక్కువగా ఉంటే రెండు రకాలూ వద్దు. మీ ఫోను చాలు. ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు. పాతిక వేల స్థాయి కంపెనీ కెమెరాలో సెన్సర్, అంటే లెన్సు వెనక వెలుగును బొమ్మగా మార్చే పలక, చాలా చిన్నది. సోనీ హెచ్‌డీఆర్-సీఎక్స్405లో అది 1/5.8 అంగుళం మాత్రమే. నేటి మధ్యతరగతి ఫోనులో అంతకంటే పెద్ద సెన్సర్ ఉంటుంది కనుక, సాయంత్రం దీపాల వెలుగులో ఫోనే మెరుగ్గా తీస్తుంది. హ్యాండీక్యామ్ గెలిచేది రెండు చోట్ల: దూరంలో, నిడివిలో. మూడు గంటల హరికథ తీస్తుంటే ఫోను వేడెక్కుతుంది, మధ్యలో ఎవరో ఒకరు కాల్ చేస్తారు, మెమరీ నిండిపోతుంది. మంచి హ్యాండీక్యామ్‌కు ఆ బాధలు తక్కువ.

తిరుమల యాత్ర కోసం కొంటున్నామని కొందరు అంటారు. గుడి క్యూలోకి ఫోనే రానివ్వరు, కెమెరా సంగతి చెప్పాలా? డిపాజిట్ కౌంటర్లో అప్పగించి రశీదు పట్టుకుని తిరగాలి. ఆ ఒక్క కారణంతో కొనకండి.

పెట్టె మీది అంకెలను మీరే లెక్క కట్టండి

జూమ్ రెండు రకాలు. ఒకదానిలో లెన్సులోని గాజు ముందుకు వెనక్కు కదిలి దూరపు వస్తువును నిజంగా దగ్గరకు తెస్తుంది. దీన్ని ఆప్టికల్ జూమ్ అంటారు. రెండోది డిజిటల్ జూమ్. ఇందులో గాజు కదలదు. వచ్చిన బొమ్మ మధ్య భాగాన్ని కత్తిరించి సాగదీస్తారు. పాస్‌పోర్టు ఫోటోను జెరాక్స్ షాపులో పెద్దది చేయించినట్టు.

లెక్క వేస్తే తేడా తెలుస్తుంది. చౌక కెమెరాలో 13 మెగాపిక్సెళ్ల సెన్సర్ ఉందనుకుందాం, అంటే కోటీ ముప్పై లక్షల చుక్కలు. డిజిటల్ జూమ్ నాలుగు రెట్లు పెడితే పొడవులో నాలుగో వంతు, ఎత్తులో నాలుగో వంతు మిగులుతుంది. మొత్తం మీద పదహారో వంతు, అంటే ఎనిమిది లక్షల చుక్కలు. పదహారు రెట్లు పెడితే 256వ వంతు. సుమారు యాభై వేల చుక్కలు! ఫుల్ హెచ్‌డీ బొమ్మకు 1920 × 1080 చొప్పున ఇరవై లక్షలకు పైగా చుక్కలు కావాలి. మిగిలిన దాదాపు ఇరవై లక్షలు కెమెరా ఊహించి నింపుతుంది. మా అర్జునుడు గళ్లుగా మారింది ఆ ఊహలోనే. అంటే ఇలాంటి కెమెరాలో పెట్టె మీద పదహారు అని ఉన్నా, పనికొచ్చే జూమ్ రెండు రెట్ల దాకానే.

కంపెనీ కెమెరాల్లో ఆప్టికల్ జూమే ఇరవై, ముప్పై రెట్లు ఉంటుంది. పైన చెప్పిన సీఎక్స్405లో ముప్పై, పానాసోనిక్ హెచ్‌సీ-వీ785లో ఇరవై, సోనీ ఎఫ్‌డీఆర్-ఏఎక్స్43లో ఇరవై. ముప్పై రెట్ల దగ్గర కూడా సెన్సర్ మొత్తం పని చేస్తూనే ఉంటుంది. మీరు ఎక్కువ పెట్టే డబ్బులో పెద్ద భాగం ఆ కదిలే గాజుకే.

4కె అన్న ముద్ర సంగతీ ఇంతే. 4కె బొమ్మకు 3840 × 2160, దాదాపు 83 లక్షల చుక్కలు కావాలి. కొన్ని చౌక కెమెరాలు తక్కువ చుక్కలతో తీసి, ఫైలును మాత్రం 4కె కొలతకు సాగదీసి దాస్తాయి. ఇంకొన్ని నిజంగానే 4కె తీస్తాయి గానీ సెకనుకు పదిహేను బొమ్మలే. మనిషి నడిస్తే కుంటుతున్నట్టు కనిపిస్తుంది. 48 మెగాపిక్సెళ్లు అని రాసినది ఫోటోల గురించి, అదీ సాగదీసిందే అయి ఉంటుంది. ఈ అంకెల్లో ఏ ఒక్కటీ మీ నిర్ణయానికి ఆధారం కాకూడదు. పెట్టె పక్కన చిన్న అక్షరాల్లో "ఆప్టికల్" అన్న మాట ఉందా లేదా, అది ఒక్కటి చూస్తే చాలు. లేకపోతే లేనట్టే.

సాయంత్రం వెళ్లండి, మీ కార్డు మీరే తీసుకెళ్లండి

మధ్యాహ్నపు ఎండలో ఏ కెమెరా అయినా బాగానే తీస్తుంది. సాయంత్రం ఐదున్నరకు వెళ్లి ఏడు దాకా ఉండేలా చూసుకోండి. వెలుగు, మసక వెలుగు, ట్యూబ్‌లైటు మూడూ దొరుకుతాయి. వెంట మీ సొంత మైక్రో ఎస్‌డీ కార్డు ఒకటి, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు, పోల్చి చూడటానికి మీ ఫోను ఉండాలి.

పెట్టె విప్పి చూపించమని ముందే అడగండి. "సీలు తీస్తే కొనాల్సిందే సార్" అంటారు చాలా చోట్ల. అది వాళ్ల కష్టం, న్యాయమే. చూపించడానికి విడిగా పెట్టిన కెమెరా ఉందా అని అడగండి. అదీ లేదంటే కంపెనీ కెమెరా విషయంలో కొంత నమ్మవచ్చు, ఆ మోడల్ గురించి బయట తెలుసుకోవచ్చు కనుక. షోరూము సొంత పేరుతో వచ్చిన దాన్ని మాత్రం చూడకుండా కొనకండి. ఒకే కెమెరా నాలుగు పేర్లతో, లోపలి సరుకు మారి కూడా వస్తుంటుంది. ఇంకొకరి అనుభవం మీకు పనికి రాదు.

గుమ్మంలో నిలబడి చేయాల్సిన పరీక్షలు

మొదట బోర్డు పరీక్ష. దుకాణం గుమ్మంలో నిలబడి వీధి చివర కనిపించే ఏదో ఒక బోర్డు మీది చిన్న అక్షరాలకు గురి పెట్టండి. జూమ్ మెల్లగా పెంచుతూ పోండి. ఆప్టికల్ జూమ్ అయితే ఫోను నంబరు కూడా చదవగలుగుతారు. డిజిటల్ అయితే రెండు మూడు రెట్ల తరువాత అక్షరాలు పెద్దవవుతాయి, కానీ కొత్తగా ఏమీ తెలియదు. జూమ్ చేసినప్పుడు లెన్సు లోపలి నుంచి సన్నని మర చప్పుడు, గాజు కదలిక ఉన్నాయా చూడండి. నా ఉద్దేశంలో ఈ ఒక్క పరీక్షతోనే సగం మందికి నిర్ణయం అయిపోతుంది.

తరువాత వణుకు పరీక్ష. జూమ్ పూర్తిగా పెంచి, రెండు చేతులతో పట్టి పది సెకన్లు తీయండి. తరువాత జూమ్ లేకుండా పది అడుగులు నడుస్తూ తీయండి. ముప్పై రెట్ల జూమ్‌లో చెయ్యి వెంట్రుకంత వణికినా బొమ్మ బారెడు ఊగుతుంది. వణుకును సరిదిద్దే ఏర్పాటు లేని కెమెరాకు ఎంత జూమ్ ఉన్నా స్టాండు లేకుండా పనికి రాదు. ఈ విషయంలో కంపెనీ కెమెరాల్లోనూ తేడాలున్నాయి. సోనీ ఏఎక్స్43లో లెన్సు భాగం మొత్తం లోపల తేలుతూ చేతి వణుకుకు ఎదురు కదులుతుంది; చిన్న మోడళ్లలో ఆ ఏర్పాటు ఉండదు, కానీ ధరా అంత ఉండదు. జాతరలో నడుస్తూ తీసేవారు, అలిపిరి మెట్లు ఎక్కుతూ తీయాలనుకునేవారు ఈ పరీక్ష దగ్గర ఎక్కువసేపు ఆగండి.

మూడోది ఫోకస్. మీ అరచేతిని లెన్సుకు అడుగు దూరంలో పెట్టి, చేతిరేఖలు స్పష్టంగా వచ్చాయా చూడండి. తరువాత చెయ్యి తీసేయండి. వెనకున్న మనిషి ముఖం ఒకటి రెండు సెకన్లలో తేటపడాలి. చాలా చౌక కెమెరాల్లో ఫోకస్ మారదు. నాలుగైదు అడుగుల అవతల అన్నీ ఒక మోస్తరుగా, దగ్గరివి మసకగా వస్తాయి. తాళి కట్టే వేళ మంగళసూత్రాన్ని దగ్గరగా తీయాలంటే వీటితో కుదరదు.

నాలుగోది ట్యూబ్‌లైటు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. కెమెరా 60కి సరిపడేలా ఉంటే తెర మీద నల్లని చారలు పైకి కిందికి పాకుతాయి. చౌక కెమెరాలు తరచు 60 మీదే వస్తాయి. మెనూలో 50 అని మార్చే వీలుందా వెతకండి. మారిస్తే చారలు పోవాలి. ఇది లోపం కాదు, అమరిక. కానీ మార్చే వీలే లేకపోతే ఆ కెమెరాను అక్కడే వదిలేయండి. కళ్యాణమండపాలన్నీ ట్యూబ్‌లైట్ల కిందే కదా.

ఇక ధ్వని. ఇక్కడ చౌక కెమెరాకు ఒక మార్కు వేయాలి. వాటిలో చాలా వాటికి విడిగా మైకు పెట్టుకునే రంధ్రం ఉంటుంది. కంపెనీ చిన్న మోడళ్లలో అది లేకపోవచ్చు, సీఎక్స్405లో లేదు. హరికథ, కచేరీ, పాఠాలు తీసేవారికి ఇది చిన్న విషయం కాదు. లోపలి మైకు పరీక్షకు మాత్రం బజారు హారన్లే చాలు. హారన్ మోగిన వెంటనే మాటలు కుంగిపోయి మళ్లీ మెల్లగా లేస్తున్నాయా వినండి. అలా అయితే పెళ్లిలో డోలు దెబ్బ పడిన ప్రతిసారీ పురోహితుడి మంత్రం మునిగిపోతుంది.

చీకటిలో చూసే కెమెరా అని కొన్నింటి మీద రాసి ఉంటుంది. అది కంటికి కనబడని దీపం ఒకటి వెలిగించి తీసే నలుపు తెలుపు బొమ్మ. రాత్రిపూట పెరట్లో పిల్లిని చూడటానికి పనికొస్తుంది, ఫంక్షన్‌కు కాదు.

ఇంటికి వచ్చి కంప్యూటర్లో చూడండి

మూడు అంగుళాల తెర మీద అన్నీ ముద్దుగానే ఉంటాయి. అందుకే కార్డు మీది అయి ఉండాలి. ఆ రాత్రి వీడియోలను కంప్యూటర్లోనో పెద్ద టీవీలోనో చూడండి. మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో ఫైలు తెరిస్తే బొమ్మ కొలత, సెకనుకు బొమ్మల సంఖ్య, బిట్‌రేటు (సెకనుకు ఎంత డేటా రాస్తుందో) మూడూ కనిపిస్తాయి. కొలత 4కె అని ఉన్నా నమ్మక్కర్లేదు. ఎవరి చీర అంచో, జుట్టో ఉన్న చోట బొమ్మను ఆపి పెద్దది చేయండి. జరీ పోగులు విడివిడిగా కనిపిస్తే నిజం, మైనం పూసినట్టు ఉంటే సాగదీసింది. అదే చోట ఫోనుతో తీసినదాన్ని పక్కన పెట్టి చూడండి. ఏడు వేలు పెట్టి కొనబోయేది ఇప్పటికే మీ జేబులో ఉన్న ఫోను కంటే తక్కువగా ఉంటే ఇక చర్చ అనవసరం.

విడి ఖర్చులు కలిపి రెండు మొత్తాలు వేయండి

అసలు పోలిక ఇక్కడ జరగాలి. కెమెరా ధర పక్కన అదనపు బ్యాటరీ, కార్డు, స్టాండు, సంచి ధరలు వేయండి.

బ్యాటరీ మీద ఉన్న నంబరు రాసుకోండి. కంపెనీ బ్యాటరీ ఖరీదే. కానీ సోనీ ఎన్‌పీ-ఎఫ్‌వీ వరస లాంటివి పదేళ్లకు పైగా వస్తున్నాయి, ఐదేళ్ల తరువాతా దొరికే అవకాశం ఎక్కువ. చౌక కెమెరా బ్యాటరీకి ఎన్‌పీ-40 లాంటి వాడుక నంబరు ఉంటే భయం లేదు, బయట దొరుకుతుంది. నంబరే లేకుండా ఆ కెమెరా కోసమే చేసినట్టుంటే, బ్యాటరీ చచ్చిన రోజే కెమెరా చచ్చినట్టు లెక్క వేసుకోండి. ఛార్జింగులో పెట్టి తీయవచ్చా అన్నదీ దుకాణంలోనే గుచ్చి చూడండి. కొన్ని అలా ఒప్పుకోవు. బ్యాటరీ, ఛార్జర్ల మీద భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ముద్ర, ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి అది ఎవరి పేరున ఉందో అక్కడికక్కడే చూడవచ్చు. లిథియం బ్యాటరీ కనుక ఇది తీరిక పని అనుకోకండి.

కార్డు విషయంలో లెక్క సులభం. సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు ఇరవై రెండున్నర జీబీ అవుతుంది. 64 జీబీ కార్డులో రెండున్నర గంటలకు కాస్త ఎక్కువ. పెళ్లికి రెండు కార్డులు కావాలి. వీ30 అని రాసిన కార్డు సెకనుకు 30 మెగాబైట్లకు తగ్గకుండా రాస్తుంది, ఈ కెమెరాలకు అది చాలా ఎక్కువే. చౌక కెమెరాతో "ఉచితంగా" ఇచ్చే కార్డును నమ్మకండి. 64 అని రాసి లోపల ఎనిమిదే ఉన్న కార్డులు బజారులో తిరుగుతున్నాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రాము కార్డును చివరి దాకా నింపి చదివి నిజం చెబుతుంది.

ఇవన్నీ కలిపాక ఏడు వేలది పది వేలు దాటుతుంది, పాతిక వేలది ముప్పైకి చేరుతుంది. తేడా అప్పటికీ పెద్దదే. కానీ ఇప్పుడు దానిని మీ కాగితం మీది దూరాలతో పక్కపక్కన పెట్టి చూడగలరు.

బిల్లు, లేబులు, వారంటీ

"బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం సార్" అనే మాట మన వైపు ప్రతి బజారులో వినిపిస్తుంది. వీడియో కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరి నుంచి 28 శాతం కాదు, 18 శాతం. బిల్లు వదులుకుంటే మిగిలేది అంతకు మించదు. పోయేది వారంటీ మొత్తం. బిల్లు మీద జీఎస్టీ నంబరు, మోడల్, కెమెరా అడుగున ఉన్న సీరియల్ నంబరు ఉండేలా రాయించుకోండి.

పెట్టెను తిప్పి లేబులు చదవండి. దిగుమతి సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులకు ఫోను నంబరు ఉండి తీరాలి. ఇది 2011 నాటి ప్యాకేజీ సరుకుల నియమాల్లో ఉంది. ఫిర్యాదుల నంబరుకు దుకాణంలో నిలబడే ఫోను చేయండి. ఎత్తారా, ఎత్తితే ఈ మోడల్ పేరు వాళ్లకు తెలుసా? నేను ఒకసారి ఇలా చేస్తే అవతలివారు, తాము మిక్సీలు మాత్రమే చూస్తామన్నారు.

సర్వీస్ ఎక్కడ అన్నది తరువాతి ప్రశ్న. కంపెనీ వెబ్‌సైటులో మీ పిన్‌కోడ్ కొట్టి, కెమెరాలు బాగుచేసే కేంద్రం దగ్గరలో ఎక్కడ ఉందో చూడండి; టీవీలు బాగుచేసే కేంద్రంతో పని జరగదు. చెన్నై వెళ్లాల్సి వస్తే రానూపోనూ ఒక రోజు, బస్సు ఛార్జీలు లెక్కలో కలపండి. షోరూము సొంత పేరు కెమెరాలో సాధారణంగా బాగుచేయడం ఉండదు, మార్చి ఇవ్వడమే. అది మీకు లాభమే కావచ్చు, ఆ మోడల్ అప్పటికీ వాళ్ల దగ్గర ఉంటే. లేకపోతే డబ్బు వాపసు ఇస్తారా అన్నది బిల్లు వెనక రాయించుకోండి.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు చూసి జంకకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు లేకపోతే ముప్పై రోజుల్లోగా వెనక్కి తీసుకోనని మొండికేయడం అనుచిత వ్యాపార పద్ధతి. మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. అప్పటికీ తేలకపోతే మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు ఫిర్యాదు వేయవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోళ్లకు రుసుము లేదు.

చౌకదే కొనాల్సిన సందర్భాలు

ఉన్నాయి. పదేళ్ల పిల్లవాడు కెమెరా నేర్చుకుంటానంటే వాడి చేతికి ముప్పై వేలది ఇవ్వకండి. స్టాండు మీద కదలకుండా నిలబెట్టి, మంచి వెలుగులో, విడి మైకుతో పాఠాలో వంటలో తీసేవారికి కూడా చౌకది చాలు. జూమ్, వణుకు, ఫోకస్ మూడూ అక్కడ అవసరం లేదు. నాదే ఉదాహరణ. అటక ఎక్కిన ఆ కెమెరాను మా అత్త దించి, ముగ్గుల వీడియోలు తీస్తోంది. పైనుంచి నాలుగున్నర అడుగుల దూరం, పొద్దుటి వెలుగు. బ్రహ్మాండంగా వస్తున్నాయి.

వేదికలు, జాతరలు, స్కూలు ఆటలు మీ కాగితంలో రెండుకు మించి ఉంటే మాత్రం కంపెనీదే తీసుకోండి. డబ్బు చాలకపోతే ఆరు నెలలు ఆగండి. మధ్యస్థంగా పన్నెండు వేలు పెట్టి ఇంకాస్త మెరుగైన డిజిటల్ జూమ్ కొనడం అన్నిటికంటే చెడ్డ బేరం.

అమెరికా నుంచి తెప్పించుకుంటే, పాతది కొంటే

మన ఇళ్లలో ఎవరో ఒకరు అక్కడ ఉంటారు కనుక ఈ ఆలోచన వస్తుంది. అక్కడి కెమెరాలు 60 పద్ధతివి. పైన చెప్పిన ట్యూబ్‌లైటు చారలు పోవాలంటే షట్టర్ వేగాన్ని, అంటే ఒక్కో బొమ్మకు వెలుగు పడే సమయాన్ని, చేత్తో మార్చే వీలుండాలి, చిన్న మోడళ్లలో అది కష్టం. వారంటీ కూడా సాధారణంగా ఆ దేశానికే. ఇక్కడి ధరకూ అక్కడి ధరకూ పెద్ద తేడా లేకపోతే తెప్పించుకోకండి.

పెళ్లి వీడియోలు తీసేవారి దగ్గర వాడిన కంపెనీ కెమెరాలు దొరుకుతాయి. క్యాసెట్ వేసేవి ఎంత చౌకైనా వద్దు. కార్డు వేసేవి అయితే లెన్సులోకి టార్చి వేసి చూడండి. సాలెగూడులా తెల్లని పోగులుంటే బూజు పట్టింది, అది తుడిస్తే పోదు. బ్యాటరీ కొత్తది కొనాల్సిందేనని లెక్క వేసుకుని బేరమాడండి.

మొదటి వారం

కొన్న రోజే తేదీ, సమయం సరిచేయండి. వీడియో మీద తేదీ ముద్ర పడే అమరిక చౌక కెమెరాల్లో వేసే ఉంటుంది, తీసేయండి. ఒకసారి బొమ్మలో పడితే మళ్లీ చెరపలేరు. కరెంటు అమరిక 50కి మార్చండి. తరువాత బ్యాటరీ నిండా ఎక్కించి, కెమెరాను కిటికీ దగ్గర పెట్టి, అది అయిపోయే దాకా ఏకధాటిగా తీయనివ్వండి. ఎన్ని నిమిషాలు వచ్చిందో రాసుకోండి. మధ్యలో దానంతట అది ఆగిందా, ఫైలు 4 జీబీ దగ్గర ముక్క అయినప్పుడు రెండు ముక్కల మధ్య మాటలు పోయాయా చూడండి. కొన్ని అరగంటకే ఆగిపోతాయి. లోపం బయటపడేది ఈ పరీక్షలోనే, అది వాపసు గడువు లోపలే బయటపడాలి.

బిల్లును ఆ రోజే ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోండి. ఆ నున్నటి కాగితం మీది అచ్చు మన ఎండలకు వారంటీ కంటే ముందే వెలిసిపోతుంది.